ఏటి టేకుల ఇంటిపేర్లు



ఈసారి చేపల గురించి రాస్తున్నాము. సంఘం పేజీలో గుళ్ళ చరిత్ర, వలస వచ్చిన ఊళ్ళ చరిత్ర రాయాలి గాని చేపలేమిటి అని కొందరు అనుకుంటారు. ఓపికగా చదవండి. ఇది కూడా ఇంటిపేర్ల చరిత్రే.

చెన్నైలో ఉన్న మనవాళ్ళకి కొళత్తూరు సంగతి చెప్పక్కర్లేదు. హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం సభ్యుల కోసం ఒక మాట. పెరంబూరు, విల్లివాక్కం దాటితే కొళత్తూరు. వీధి పొడుగునా రంగు చేపల అంగళ్ళే. గప్పీ, గోల్డ్ ఫిష్ మొదలు వేలకి వేలు పలికే పెద్ద చేపల దాకా అక్కడ దొరుకుతాయి. రైల్వే వాళ్ళుగా ఆ చుట్టుపక్కల స్థిరపడిన మన కుటుంబాలు చాలా ఉన్నాయి. వాటిలో కొందరి పిల్లలు ఇప్పుడు మేడ మీద, కారు షెడ్డులో తొట్టెలు కట్టించి, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మంచినీటి టేకులు పెంచుతున్నారు. పెంచడమే కాదు, పిల్లలు పెట్టిస్తున్నారు. రెండు రకాల్ని కలిపి మూడో రకం తీస్తున్నారు.

టేకు అంటే ఏదో తెలియని చెన్నై పిల్లలకి: తమిళంలో తిరుక్కై. చాట మాదిరి పలకగా ఉండి, వెనక కొరడా మాదిరి తోక, ఆ తోక మీద విషపు ముల్లు ఉండే చేప. యానాం వాళ్ళకి టేకు పులుసు గురించి మేము చెప్పేదేముంది. మన సముద్రంలో ఉన్నవి ఉప్పునీటివి. ఈ తొట్టెల్లోవి అమెజాన్ ఏళ్ళలోవి. కాబట్టి మేము వీటిని ఏటి టేకులు అంటాము.

ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒక ఫారం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు. ఫారాలు నింపడం మా జన్మహక్కు కదా. విదేశీ ప్రాణుల్ని ఇంట్లో పెంచేవాళ్ళు ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేసుకోవాలి. ఆ లెక్కలో ఈ టేకులూ వస్తాయి. ఫారంలో జాతి పేరు రాయాలి. అక్కడే బండి ఆగిపోయింది. 'అంగట్లో బ్లాక్ డైమండ్ అన్నారు తాతా, అదే రాసేయండి' అన్నాడు ఒకడు. అది జాతి పేరు కాదు, అమ్మకం పేరు. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడిగితే వాడి దగ్గర జవాబు లేదు. అమ్మినవాడి దగ్గరా లేదు. ఆ ఖాళీ గడి ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలంటే రెండు వందల ఏళ్ళు వెనక్కి పోవాలి.

1817లో యోహాన్ నాటరర్ అనే ఆస్ట్రియా ఆయన బ్రెజిల్ వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళు అక్కడే తిరిగాడు. పక్షులు, జంతువులు, చేపలు వేలకొద్దీ సేకరించి వియన్నా మ్యూజియంకి పంపాడు. వాటిలో కుయాబా నది దగ్గర పట్టిన ఒక టేకు ఉంది. బెర్లిన్లో యోహానెస్ ముల్లర్, యాకోబ్ హెన్లే అనే ఇద్దరు శరీరశాస్త్ర పండితులు అప్పుడు ప్రపంచంలోని సొరలు, టేకులు అన్నింటికీ ఒక పెద్ద పట్టిక తయారుచేస్తున్నారు. 1841లో వాళ్ళు ఆ నాటరర్ టేకుకి మొటోరో అని పేరు ఖాయం చేశారు. అది అక్కడి జనం పిలిచిన పేరే అంటారు. అదే పుస్తకంలో హిస్ట్రిక్స్ అనే ఇంకో ఏటి టేకు కూడా ఉంది. ఆ హెన్లే ఎవరనుకున్నారు? మూత్రపిండంలో 'హెన్లే లూపు' అని మన పిల్లలు నీట్ పరీక్షకి బట్టీ పడతారే, ఆ హెన్లేనే.

నాటరర్ 1843లో పోయాడు. 1848లో వియన్నాలో తిరుగుబాటు జరిగినప్పుడు మంటలు లేచి ఆయన డైరీలు, నోట్సులు కాలిపోయాయి. ఆయన సేకరించినవి చాలావరకు మిగిలాయి, రిజిస్టరు పోయింది. పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం చేసినవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది. మూట ఎదురుగా ఉంటుంది, ఏ స్టేషనులో ఎక్కిందో చెప్పే కాగితం ఉండదు. అట్లాంటి మూటని మేము 'అన్‌కనెక్టెడ్' అని వేరే రిజిస్టరులో రాసేవాళ్ళం. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అక్కడి వాళ్ళు పిలిచే పేరునే పుస్తకానికి ఎక్కించడం మన తీరంలో అంతకు ముందే జరిగింది. ప్యాట్రిక్ రసెల్ అనే డాక్టరు 1780లలో విశాఖపట్నంలో ఉండి, మన జాలర్లు తెచ్చిన చేపల్ని బొమ్మలు గీయించాడు. 1803లో లండనులో 200 చేపల పుస్తకం వచ్చింది. అందులో టేకుల పేర్ల పక్కన 'టెంకీ' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. తాకితే చెయ్యి తిమ్మిరెక్కించే కరెంటు చేపకి 'తిమిరి', ఇంకోదానికి 'నల్ల తిమిరి' అని మన తెలుగు పేర్లే ఉన్నాయి. తమిళ బడిలో చదివినవాడు ఆ రెండో పేరు చూస్తే 'మంచి తిమ్మిరి' అనుకుంటాడు! తమిళంలో నల్ల అంటే మంచిది, తెలుగులో నలుపు. పేరు ఒకటే అయినా చదివేవాడు ఏ ఊరివాడన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. చేపల పేర్ల గొడవంతా ఇందులోనే ఉంది.

మళ్ళీ అమెరికాకి పోదాం. 1855లో ఫ్రాన్స్ యాత్రికుడు కాస్తెల్నౌ టొకాంటిన్స్, అరగ్వాయా నదుల వైపు దొరికిన ఒక మచ్చల టేకుకి ఆ హెన్లే పేరే పెట్టాడు. అదే హెన్లీ టేకు. 1877లో గార్మన్ అనే అమెరికా పండితుడు ఈ ఏటి టేకుల్ని వేరు చేసి పొటామోట్రైగాన్ అన్నాడు. గ్రీకులో నది టేకు అని అర్థం. అంటే మనం పెట్టుకున్న పేరే.

ఆ తర్వాత చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లలో అర్జెంటీనాలో మరియానో కాస్టెక్స్ అనే ఆయన ఈ టేకుల మీద పడ్డాడు. కొత్త పేర్లు వరసగా పెట్టాడు. పౌకె అని ఒకటి, లాబ్రడోర్ అని ఒకటి, పాత జెసూట్ పాదిరీల పేర్ల మీద. తర్వాత పరిశీలిస్తే అవి రెండూ మొటోరోనే అని తేలింది. మచ్చలు కొంచెం అటూ ఇటూ ఉంటే కొత్త జాతి అనుకున్నారు. కానీ ఆయన పెట్టిన పేర్లలో కొన్ని నిలబడ్డాయి, వాటిలో ఒకటి చూడండి. బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ సింహాసనం వదిలాక ప్రకృతి యాత్రలు చేస్తూ బ్రెజిల్‌లో షింగూ నది దాకా పోయాడు. ఆ నదిలో ఉండే నల్లటి, తెల్లని గుండ్రటి చుక్కల టేకుకి 1970లో కాస్టెక్స్, కాస్తెల్లో కలిసి ఆ రాజు పేరు పెట్టారు. లియోపోల్డీ. కొళత్తూరు అంగట్లో బ్లాక్ డైమండ్ అని పిలిచేది దీన్నే. పిలవవలసింది దీన్నే అని చెప్పాలి.

ఇక్కడ ఒక విషయం నెమ్మదిగా చూడండి. లియోపోల్డీ షింగూ నదిలోనే ఉంటుంది. హెన్లీ టొకాంటిన్స్, అరగ్వాయా వైపు ఉంటుంది. చిన్న చిన్న తెల్ల చుక్కలుండే ఆల్బిమాకులాటా టపజోస్ నదిలో ఉంటుంది. ఇవన్నీ ఉత్తరానికి పారే నదులు, మధ్యలో రాళ్ళు, జలపాతాలు. ఈ మూడు టేకులూ దగ్గర చుట్టాలు, మూడూ ముదురు రంగువి, మూడిటికీ చుక్కలు. కానీ నదులు వేరు కాబట్టి ఒకదాని పిల్ల ఇంకొకదానికి పెళ్ళికూతురు అయ్యే అవకాశం లేదు. పండితుడికి కూడా మొదటి ఆధారం ఏమిటంటే, చేప ఏ నదిలో దొరికింది అన్నదే. ఆ తర్వాతే చుక్కల ఆకారం, కడుపు రంగు, తోక మీద ముళ్ళ వరసలు, పళ్ళు.

మొటోరో మాత్రం దేశమంతా తిరిగే జాతి. పరానా, పరాగ్వే నదుల్లో ఉంది, అమెజాన్‌లో ఉంది, ఒరినోకోలో ఉంది. గోధుమ రంగు వీపు మీద నారింజ రంగు చుక్క, చుట్టూ నల్ల వలయం, కళ్ళు పెట్టినట్టు ఉంటుంది. ఇంత విశాలంగా ఉన్నది నిజంగా ఒకటే జాతా అని చాలామంది అనుమానించారు. 1985లో రికార్డో రోజా అనే బ్రెజిల్ ఆయన అమెరికాలో చదువుతూ పాత నమూనాలన్నీ తీసి కొలిచి, ఏ పేరు ఉండాలి, ఏది పోవాలి అని పెద్ద సిద్ధాంత గ్రంథం రాశాడు. 2013లో లోబొడా, కార్వాల్యో అనే ఇద్దరు మొటోరో గుంపులో నుంచి పాంతనెన్సిస్, అమాండే అని రెండు కొత్త జాతుల్ని విడదీశారు. 2016లో కార్వాల్యో ఆల్బిమాకులాటాకీ, జబూటికీ పేర్లు పెట్టాడు.

2016 అని చదివి కొందరు ఉలిక్కిపడి ఉంటారు. ఆల్బిమాకులాటాని అంతకు చాలా ముందే జనం ఇళ్ళల్లో పెంచుతున్నారు, అమ్ముతున్నారు. మరి ఏ పేరుతో? పి14 అని. 1990ల చివర, 2000 ప్రాంతంలో టేకుల మీద జర్మనీలో బొమ్మల పుస్తకాలు వచ్చాయి. పేరు తెలియని టేకులకి పి అక్షరం వేసి నంబర్లు ఇచ్చారు. పండితుడు పేరు పెట్టేదాకా వ్యాపారం ఆగదు కదా. మేము దీన్ని తప్పు పట్టము. తమిళనాడులో మన ఇంటిపేర్లకి పట్టిన గతి కూడా ఇదే. బడిలో చేర్చేటప్పుడు పంతులు నాన్న పేరులో మొదటి అక్షరం ఇనిషియల్‌గా రాసుకున్నాడు, ఇంటిపేరు ఎగిరిపోయింది. మా మనవళ్ళకి వాళ్ళ ఇంటిపేరు అడిగితే 'ఎస్' అంటారు. నంబరు ఉంటే కనీసం వెతకడానికి దారి ఉంటుంది. దాన్ని ఎవరైనా తర్వాత అసలు పేరుతో కలపవచ్చు. పి14ని అట్లాగే కలిపారు.

చెడింది ఇక్కడ కాదు. తొట్టెలో పిల్లలు పెట్టడం మొదలైన తర్వాత చెడింది.

ఈ టేకులు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి. మగదానికి తోక మొదట్లో రెండు పక్కలా వేళ్ళ మాదిరి రెండు అవయవాలు ఉంటాయి, చూడగానే ఆడా మగా తెలిసిపోతుంది. కలిసేటప్పుడు మగది ఆడదాని రెక్క అంచుని కొరికి పట్టుకుంటుంది. ఆ గాట్లు చూసి పెంచేవాళ్ళు సంతోషపడతారు, పాపం ఆడదానికి ఎట్లా ఉంటుందో. తల్లి కడుపులో గర్భాశయం గోడ నుంచి పాల లాంటి ద్రవం ఊరుతుంది, అది తాగి పిల్లలు పెరుగుతాయి. తొట్టెలో అయితే సుమారు మూడు నెలల్లో ప్రసవం. పుట్టిన పిల్ల అరచేతి అంత ఉంటుంది, తల్లి పోలికలతో, ముల్లుతో సహా. చేపల్లో ఇంత శ్రద్ధగా పిల్లల్ని మోసేవి అరుదు. అందుకే నదిలో ఇవి తగ్గిపోతే మళ్ళీ పుంజుకోవడం కష్టం.

తొట్టెల్లో వీటి సంతానం గురించి శాస్త్రీయంగా రాసిన పాత వివరాల్లో ముఖ్యమైనది 1983 నాటిది. అమెరికాలో డెట్రాయిట్ ఊరి బెల్ ఐల్ అక్వేరియంలో పనిచేసిన లాంగ్‌హామర్, పరిశోధకుడు థార్సన్, ఇంకొకరు కలిసి రాశారు. సర్కులారిస్, మొటోరో అని రెండు జాతుల సంతానం గురించి. తర్వాత చూస్తే ఆ సర్కులారిస్ కూడా మొటోరో కిందికే వచ్చి చేరింది! అంతటి పండితులు, అంతటి సంస్థ. అయినా వాళ్ళు రాసిపెట్టారు కాబట్టి మనం ఇప్పుడు సవరించుకుని చదువుకోగలం.

ఆ థార్సన్ చేసిన ఇంకో పని చెప్పకుండా ముందుకు పోలేము. సముద్రపు టేకుల రక్తంలో యూరియా ఎక్కువగా నిలవ ఉంటుంది. ఉప్పునీళ్ళలో ఒళ్ళు ఎండిపోకుండా అదే కాపాడుతుంది. ఏటి టేకుల రక్తంలో అది దాదాపు లేదని 1967లో ఆయన బృందం చూపించింది. తర్వాత వాటిని కొంచెం కొంచెంగా ఉప్పునీటికి అలవాటు చేసి చూశారు. అయినా యూరియా నిలవ చేసుకోలేకపోయాయి. కోట్ల సంవత్సరాల కిందట సముద్రం నుంచి నదిలోకి వలస వచ్చినవే ఇవి. తిరిగి పోయే దారి ఒంట్లోనే మూసుకుపోయింది. వలస వచ్చినవాళ్ళ సంఘం పేజీలో దీనికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. పెంచేవాళ్ళకి మాత్రం ఒక సలహా: జబ్బు చేసిందని తొట్టెలో ఉప్పు గుమ్మరించే ముందు దీన్ని ఒకసారి తలచుకోండి.

సరే, సంకరం సంగతి. నదిలో వేరు వేరుగా ఉన్న లియోపోల్డీ, హెన్లీ, మొటోరోల్ని ఒకే తొట్టెలో వేస్తే అవి కులగోత్రాలు చూసుకోవు. కలుస్తాయి, పిల్లలు పెడతాయి. ఆ పిల్లలు కంచర గాడిద మాదిరి గొడ్డువి కావు, అవీ మళ్ళీ పిల్లలు పెడతాయి. తైవాన్, థాయిలాండ్, ఇండోనేషియా, సింగపూరుల్లో పెంపకందారులు దీన్ని పెద్ద వ్యాపారం చేశారు. మొటోరో గట్టి పిండం, బాగా తింటుంది, త్వరగా పెరుగుతుంది. లియోపోల్డీ అందమైనది, ఖరీదైనది. రెండూ కలిపితే మొదటి తరం పిల్లకి ముదురు వీపు మీద మసక వలయాల చుక్కలు వస్తాయి. చూసినవాడికి తెలిసిపోతుంది. దాన్ని మళ్ళీ లియోపోల్డీతో కలిపితే వలయం చెరిగిపోయి నలుపు చిక్కబడుతుంది. ఇంకో తరం అదే మాదిరి చేస్తే చూపుకి అచ్చం లియోపోల్డీనే. అప్పుడు దాని మీద 'ప్యూర్' అని రాసి అమ్ముతారు. మన సభ్యుడి కొడుకు ఒకడు అట్లా ప్యూర్ అని జత కొన్నాడు. అవి పెట్టిన పిల్లల్లో రెండిటికి నారింజ వలయాలు వచ్చాయి. తాతగారి ముక్కు మనవడికి వచ్చినట్టు. అమ్మినవాడు ఫోను ఎత్తడం మానేశాడు.

డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే తెలియదా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. తేలికగా తెలియదు. మామూలుగా జాతిని గుర్తించడానికి చూసే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తల్లి నుంచే వస్తుంది. తండ్రి మొటోరో అయి తల్లి లియోపోల్డీ అయితే ఆ పరీక్షలో లియోపోల్డీ అనే వస్తుంది. పైగా 2008లో బ్రెజిల్ పరిశోధకులు ఈ టేకుల మీద ఆ పద్ధతినే పరీక్షించి చూస్తే, కొన్ని జాతులు దానికి విడివిడిగా చిక్కలేదు. చుట్టరికం అంత దగ్గరది. తండ్రి వైపు కూడా చూడాలంటే ఇంకా లోతైన పరీక్షలు కావాలి. కొళత్తూరులో టేకు కొనేవాడు ఎవడు అవి చేయిస్తాడు? కాబట్టి పెంచేవాడు రాసుకున్న కాగితమే ఆధారం.

ప్రకృతిలో సంకరం జరగదా, మనుషులే పాపం చేశారా అంటే అదీ కాదు. 2015లో పరానా నదిలో మొటోరోకీ ఫాక్నరీ అనే జాతికీ పుట్టిన సంకరాల్ని గుర్తించారు. కానీ ఆ నది కథ కూడా వినండి. పరానా మీద సెతే కెదాస్ అని గొప్ప జలపాతం ఉండేది. కింది చేపలు దాన్ని ఎక్కి పైకి పోలేవు. 1982లో ఇటైపు ఆనకట్ట నీళ్ళు నిండి ఆ జలపాతం మునిగిపోయింది. గోడ పోయింది, కింది టేకులు పైకి పోయాయి. షింగూలో ఇంకో రకం జరిగింది. బెలో మోంతె ఆనకట్ట 2016లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టింది. నది పెద్ద వంపులో పారవలసిన నీళ్ళని చాలావరకు మళ్ళించారు. లియోపోల్డీకి ఉన్నది ఆ ఒక్క నదే.

ఇప్పుడు చట్టం. పొటామోట్రైగాన్ టేకుల్ని బ్రెజిల్ 2017లో సైటిస్ మూడో పట్టికలో పెట్టించింది. సైటిస్ అంటే అరుదైన ప్రాణుల అంతర్జాతీయ వ్యాపారం మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం. 2022 నవంబరులో పనామాలో జరిగిన సమావేశంలో లియోపోల్డీ, హెన్లీ, ఆల్బిమాకులాటా, జబూటితో సహా ఏడు జాతుల్ని ఇంకా గట్టిదైన రెండో పట్టికలోకి ఎక్కించారు. మన దేశంలో వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. దానితో ఈ సైటిస్ ప్రాణులకి నాలుగో షెడ్యూలు వచ్చింది. 2024 ఫిబ్రవరిలో నియమాలు వచ్చాయి: ఇంట్లో ఉంటే పరివేష్ అనే వెబ్‌సైటులో నమోదు చేయాలి, పిల్లలు పుట్టినా, చచ్చినా, చేతులు మారినా తెలియజేయాలి. నమోదుకి ఆరు నెలలు గడువు ఇచ్చారు, అది 2024 ఆగస్టుతో అయిపోయింది. ఇంకా చేయనివాళ్ళు దాచిపెట్టుకుని కూర్చోకుండా అటవీ శాఖ వారిని కలిసి మాట్లాడటం మంచిది. సంఘం తరఫున తోడు వస్తాము.

'మాది సంకరం తాతా, పట్టికలో సంకరం పేరు లేదుగా, మాకు చట్టం వర్తించదు' అన్నాడు ఒక తెలివైనవాడు. సైటిస్ వాళ్ళు వాడికంటే తెలివైనవాళ్ళు. మొదటి రెండు పట్టికల్లోని జాతి రక్తం దగ్గరి తరాల్లో ఉంటే, ఆ సంకర జంతువుని కూడా ఆ జాతి మాదిరే చూడాలని వాళ్ళ తీర్మానం. దగ్గరి తరాలంటే ఎన్ని? నాలుగు. మన పెళ్ళి సంబంధాలు చూసే పెద్దమ్మలు అంతకంటే ఎక్కువే అడుగుతారు గాని, చేపకి నాలుగు తరాల లెక్క చెప్పగలిగేవాడు కొళత్తూరులో ఎవడున్నాడు?

మా అభిప్రాయం సూటిగా చెప్తాము. సంకరం చేయడాన్ని మేము మహాపాపం అనము. మన ఒంగోలు గిత్తని బ్రెజిల్‌కి పట్టుకుపోయి అక్కడి పశువులతో కలిపారు, వాళ్ళకి లాభమే వచ్చింది. అయితే వాళ్ళు పశువుల వంశావళి రిజిస్టర్లు పెట్టుకున్నారు, ఏది స్వచ్ఛమైనదో ఏది కలిసినదో రాసుకున్నారు. తొట్టెలో టేకుల్ని కలిపి, రాయకుండా, ప్యూర్ అని అమ్మడం వేరు. రేపు షింగూలో లియోపోల్డీ అంతరించే పరిస్థితి వస్తే, ప్రపంచంలో తొట్టెల్లో వేల లియోపోల్డీలు ఉన్నా వాటిలో ఒక్కదాన్ని కూడా నమ్మి నదిలో వదలలేరు. అన్నీ అన్‌కనెక్టెడ్ మూటలే.

వదలడం అన్నాము కాబట్టి ఇంకో మాట. పెరిగిపోయిందని చెరువులో వదిలే పని మాత్రం ఎవరూ చేయకండి. 'టీకప్ రే' అని చిన్న పిల్లని అమ్ముతారు, టీ కప్పంత ఉంటుందని. అట్లాంటి జాతే లేదు. ఏ మొటోరో పిల్లో అయి ఉంటుంది, పెరిగితే అర మీటరు వెడల్పు. సింగపూరులో ఎవరో వదిలిన మొటోరోలు అప్పర్ సెలెటార్ రిజర్వాయరులో స్థిరపడిపోయాయని 2010లో అక్కడి పరిశోధకులు రాశారు. మన దగ్గర తొట్టె శుభ్రం చేసే సక్కర్ చేపని వదిలి చెరువుల్లో, ఆంధ్రాలో కాలువల్లో దెయ్యం చేప అని జాలర్లు వలలు పోగొట్టుకుంటున్నారు. దానికి విషపు ముల్లు లేదు. దీనికి ఉంది. 2023 డిసెంబరు తుఫానుకి ఉత్తర చెన్నైలో వీధుల్లో నీళ్ళు నిలిచినప్పుడు మేడ మీద తొట్టెలు బతికాయి, నేల మీదవి వరదలో కలిశాయి. రెట్టేరి చెరువు కొళత్తూరు పక్కనే ఉంది. నేల మీద తొట్టెలున్నవాళ్ళు వానాకాలానికి ముందే పైన గట్టి వల బిగించండి.

ఇక పుస్తకం. ప్రతి టేకుకీ ఒక పుట. కొన్న తేదీ, కొన్న చోటు, బిల్లు నంబరు. అమ్మినవాడు ఏ పేరు చెప్పాడో ఆ పేరు కొటేషన్లలో, మీరు ఏమనుకుంటున్నారో అది వేరే గడిలో. రెండూ కలపకండి. వీపు ఫోటో, కడుపు ఫోటో, ఆరు నెలలకి ఒకసారి, ఎందుకంటే చుక్కలు వయసుతో మారతాయి. పిల్ల పుడితే తల్లి పుట నంబరు, తండ్రి పుట నంబరు. తొట్టెలో రెండు మగవి ఉంటే తండ్రి గడిలో ఇద్దరి నంబర్లూ రాసి మధ్యలో 'లేదా' అని పెట్టండి. సంకరం అయితే సంకరం అని రాయండి, తల్లి పేరు ముందు. తెలియకపోతే 'తెలియదు' అని రాయండి, గడి ఖాళీగా వదలకండి. ఖాళీ గడిని తర్వాత వచ్చినవాడు తనకి ఇష్టమైన పేరుతో నింపేస్తాడు. ముప్పై ఏళ్ళ పైన రైల్వేలో అది చూశాము.

తెలుగులో రాసినా సరే, తమిళంలో రాసినా సరే. మా దగ్గర గీతలు కొట్టిన పాత రిజిస్టర్లు రెండు వాడకుండా ఉన్నాయి. కావలసిన పిల్లలు ఆదివారం సంఘం ఆఫీసుకి వచ్చి తీసుకుపోవచ్చు.